అక్క అడిగిన కల

మొన్న ఫోనులో నువ్వడిగావు చూడమ్మా, కలలో ఉండగానే ఇది కల అని తెలిసిపోవడం ఎప్పుడైనా జరిగిందా అవ్వా అని. నీ తమ్ముడు ఢిల్లీ నుంచి మధ్యలో దూరి, దానికేదో ఇంగ్లీషు పేరుందన్నాడు. లూసిడ్ డ్రీమ్ అట. మీ పూణే హాస్టల్లో ఎవరో అమ్మాయికి ఒకే రాత్రి అలాంటివి రెండొచ్చాయని, అది చాలా అరుదని, మీరిద్దరూ పోటీలు పడి నాకు విడమరిచి చెబుతున్నారు. అప్పుడే కుక్కరు కూత పెట్టింది, నేను లేచిపోయాను. కుక్కరు ఒక సాకు. నవ్వు ఆపుకోలేక లేచాను. ఒకే రాత్రి మూడు కన్నదాన్ని నేను. అదీ నా కోసం కాదు, వేరే మనిషి అడిగితే కన్నాను. అది తీరిగ్గా చెప్పాల్సిన సంగతి. ఇప్పుడు మీ తాత అంగడికి వెళ్ళాడు, పప్పు ఉడికింది, నాకు పనేం లేదు. వినండి.

మా ఇంట్లో దానికి ఎప్పటినుంచో ఒక పేరుంది. ఎరుక కల అంటాం. ఆ పేరు పెట్టింది మీ పెద్దవ్వ, అంటే మా అక్క. అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. ఎండాకాలమంతా పడక మిద్దె మీదే. పగలంతా కాగిన మిద్దె మీద సాయంత్రం నీళ్ళు చల్లితే బుస్సుమని ఆవిరి వచ్చేది. అది చల్లారాక చాపలు పరిచేవాళ్ళం. నాకు రోజూ ఒకటే కల, పిట్టగోడ మీంచి కిందికి పడిపోతున్నట్టు. ఒక రాత్రి పడుతూ పడుతూ ఉండగా, నిన్న కూడా ఇట్లాగే పడ్డాను కదా, పడి చాప మీదే లేచాను కదా, అయితే ఇది కలే అని తట్టింది. తట్టగానే భయం పోయింది. పొద్దున అక్కకు చెప్పాను. అక్క నాకంటే కొంచెమే పెద్దది, కానీ మాట మాత్రం మా అమ్మకు అమ్మలాగా ఉండేది.

"కలని ఎరుకైనాంక ఇంగ పడేదెందుకు మే, ఎగురు," అంది.

ఆ మర్నాడు రాత్రి ఎగిరాను. పెన్న ఇసుక మీదుగా గండికోట కొండ దాకా వెళ్ళి వచ్చాను. కిందికి చూస్తే కళ్ళు తిరిగాయి, కానీ దిగాలనిపించలేదు.

ఎరుక అనే మాటకు మావైపు రెండర్థాలున్నాయి. తెలిసి ఉండడం ఒకటి. బుట్ట చంకన పెట్టుకుని వీధుల్లోకి వచ్చి, చేయి చూసి, జరగబోయేది చెప్పే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు, వాళ్ళు చెప్పేదీ ఎరుకే. మా ఇద్దరిలో నాకు మొదటి ఎరుక అబ్బింది, అక్కకు రెండోది. కల నేను కంటే అర్థం ఆమె చెప్పేది. దానికి కట్టుబాట్లుండేవి. పళ్ళు తోమకముందే చెప్పాలి. వినేవాళ్ళు ఊ కొట్టాలి. వచ్చింది వచ్చినట్టే చెప్పాలి, ఒక మాట చేర్చినా ఒక మాట దాచినా ఇక కలలే రావని మా అమ్మ బెదిరించేది. ఆ భయం నాకిప్పటికీ పోలేదు. వేరే విషయాల్లో అవసరానికి ఒక అబద్ధం ఆడతానేమో గానీ కల విషయంలో ఆడను.

అర్థాలు మీక్కూడా కొన్ని తెలిసే ఉంటాయి. ఏనుగు కనపడితే మంచిది. పళ్ళు ఊడితే చెడ్డది. పేడ తొక్కితే లక్ష్మి వస్తుంది. కలలో ఏడిస్తే నిజంలో నవ్వు, కలలో నవ్వితే నిజంలో ఏడుపు. వీటన్నిటికీ మీదిది ఇంకొకటుంది. కలలో ఒక మనిషి చచ్చిపోతే ఆ మనిషికి ఆయుష్షు. కలలో ఆ మనిషికి పెళ్ళయితే గండం. మా పిన్నమ్మ ఒకామె కొడుక్కి సంబంధం కుదిరిన వారంలోనే వాడి పెళ్ళి కలలో చూసి, తాంబూలాలు మార్చుకునే చోట కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లనిచ్చేవాళ్ళు ఈమెకు మేం నచ్చలేదేమోనని బిక్కచచ్చిపోయారు.

తరువాత అక్కను పులివెందులకు ఇచ్చారు, నన్ను ప్రొద్దుటూరుకు. ఇళ్ళలోకి ఫోన్లు వచ్చాక మా కలల ముచ్చట్లు మళ్ళీ మొదలయ్యాయి. పొద్దున్నే మీ తాత పాల ప్యాకెట్లు తెచ్చేలోగా మాట్లాడుకోవడం అయిపోవాలి. అయితే చాన్నాళ్ళుగా చెప్పేది నేనే, వినేది ఆమే. బీపీ మాత్రలు మొదలుపెట్టినప్పటినుంచి అక్కకు కలలు రావడం మానేశాయి. అది మాత్రల వల్లో కాదో నాకు తెలీదు, ఆమె మాత్రం ఆ మాత్రలు రాసిన డాక్టరును రోజూ ఒకసారి తిట్టి గానీ నీళ్ళు పోసుకోదు.

పులివెందులలో వాళ్ళది మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకుపోతే దానికి తగిన రవిక గుడ్డ, ఫాలు ఇస్తారు. మీరు చిన్నప్పుడు అక్కడ గుడ్డల మధ్య దాగుడుమూతలు ఆడి తన్నులు తిన్నారు, గుర్తుందో లేదో. అక్క డబ్బుల దగ్గర కూర్చోదు, గుడ్డల దగ్గర కూర్చుంటుంది. చీర అంచును ఒక్కసారి చూసి, వెనక్కి తిరక్కుండానే చేయి చాచి సరైన తాను తీస్తుంది. సింహాద్రిపురం నుంచి, వేంపల్లె నుంచి పెళ్ళి చీరలు మూట కట్టుకుని ఆమె కోసమే వచ్చేవాళ్ళు. ఆమె ముందు పచ్చ అని ఊరికే అనకూడదు. ఏ పచ్చ అంటుంది. చిలకపచ్చా, పెసరపచ్చా, మామిడాకు పచ్చా, ముదురాకుదా లేతాకుదా. మీ తాత ఒకసారి పచ్చంటే పచ్చే కదా అన్నందుకు, బంగారమంటే బంగారమేనా మరి, ఇరవైరెండు క్యారెట్లని ఎందుకు అడుగుతారు మీ ఊరి బంగారం అంగళ్ళలో, అని నోరు మూయించింది.

ఆ కళ్ళకు పొర వచ్చింది. ముందు నీలాలు పోయాయి. నీలం అడిగితే నల్లది తీసేది, వంగపండు రంగు అడిగితే కాఫీపొడి రంగు తీసేది. ఆమె కోడలు మంచి పిల్ల. అత్త తీసిన గుడ్డ చేతిలోకి తీసుకుని, లోపలికి పోయి, అసలైన రంగు కత్తిరించి, కవరులో పెట్టి ఇచ్చేది. అత్తకు ఒక్క మాట చెప్పేది కాదు. అయినా జనం రద్దీగా ఉన్న రోజు ఎన్నని మారుస్తుంది, కొన్ని అట్లాగే వెళ్ళిపోయేవి. చివరికి కొడుకు నాకు ఫోను చేశాడు. శ్రావణమాసం లోపల అమ్మ కంటి ఆపరేషను చేయించుకోకపోతే ఆ చోట వేరే అమ్మాయిని పెట్టుకుంటామని, అమ్మను ఇంటి పట్టున ఉండమంటామని, ఆ మాట అమ్మకు తను చెప్పలేనని చెప్పాడు. నేనూ చెప్పలేకపోయాను. తిరుపతికి పంపితే మర్నాటికే తిరిగొచ్చి, గుండు మీద తువ్వాలు కప్పుకుని అంగట్లో కూర్చున్న మనిషి మా అక్క. ఆమెను ఇంట్లో కూర్చోమని ఎవరంటారు.

ఆపరేషను మా ప్రొద్దుటూరులోనే. డాక్టరు చూసి, పొర ముదిరింది, ఇంక ఆలస్యం చేయొద్దన్నాడు. అక్క రెండుసార్లు బయలుదేరింది. మొదటిసారి గడప దాటుతుంటే ఎవరో తుమ్మారు, ఆగిపోయింది. రెండోసారి ముద్దనూరు దాకా వచ్చి, ఎవరో ఆడమనిషి ఖాళీ బిందెతో ఎదురొచ్చిందని బస్సు దిగి, వెనక్కి పోయే బస్సెక్కింది. బస్సులో కూర్చున్న మనిషికి బిందె ఎదురు రావడమేమిటని నేనడిగాను. బస్సు ముందుకు పోతుంటే బిందె ఎదురు కాక వెనక వస్తుందా అంది. ఇది విని మీ తాత, "ఆ కండ్లకు బిందె ఒగటి బాగా కనపడినాదే," అన్నాడు. ఆ మాట నేను ఆమెకు చేరవేయలేదు.

ఆ తరువాత ఒక సాయంత్రం తనే ఫోను చేసింది. సాయంత్రంపూట ఎప్పుడూ చేయదు, అంగడి వేళ అది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"మంచి కల ఒగటి పడితే ఆపరేషనుకు పోతా మే. శకునం చూసుకోకుండా కన్ను కోయించుకోను."

"నీకు కలలే రావు గదక్కా."

"నాకు రాకపోతే ఏంది, నీకు వస్తాండాయి గదా. కల్లో గూడా మేల్కోని ఉంటావు. నా పేరు మీద ఒగటి కను."

"ఏం కల కనల్ల?"

"ఇంగేముండాది. నేను చచ్చిపోయినట్ల," అంది, కాఫీలో చక్కెర ఎంతేయాలో చెప్పినట్టు.

ఆమె సంగతేమో గానీ, ఆ మాటతో నాకు గుండెలో రాయి పడింది. మంచి కల వస్తే ఆమె చూపు ఆమెకు దక్కుతుంది, ఆమె చోటు ఆమెకుంటుంది. చెడ్డ కల వస్తే నేనది దాచలేను, చెప్పాల్సిందే, చెబితే ఆమె ఇక ప్రొద్దుటూరు ముఖం చూడదు. ఇంత బరువు పెట్టుకుని ఎవరైనా ఎట్లా నిద్రపోతారు. అయినా పడుకున్నాను. ఆ రాత్రి సంగటి తినలేదు. సంగటి తింటే నిద్ర పడుతుంది గానీ కల పట్టదు. మజ్జిగన్నంతో సరిపెట్టుకుని, ఎడమవైపు తిరిగి పడుకుని, ఈ రాత్రి నా మోకాళ్ళను చూసుకోవాలి అని మనసులో అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను.

మోకాళ్ళ సంగతేమిటంటారేమో. కలలో ఎరుక రావాలంటే ఒక గుర్తు కావాలి. మీ హాస్టలు అమ్మాయి కలో కాదో తేల్చుకోవడానికి చేతివేళ్ళు లెక్కపెట్టుకుంటుందని చెప్పావు కదా. నాకు అంత శ్రమ లేదు. మోకాళ్ళు నొప్పి పెడుతుంటే నిజం, పెట్టకపోతే కల. ఈ వయసు ఇచ్చిన సౌకర్యం అది.

మొదటి కలలో జమ్మలమడుగు ఇంటి వసారాలో కింద కూర్చుని కనకాంబరాలు కడుతున్నాను. మా అమ్మ లోపల ఏదో రుబ్బుతోంది, రోటి చప్పుడు వినిపిస్తోంది. నేను బాసిపట్లు వేసుకుని కూర్చున్నానని చాలాసేపటికి గమనించాను. మోకాళ్ళు మాట్లాడడం లేదు. ఓహో అనుకున్నాను. అనుకోగానే చుట్టూ ఉన్నదంతా తుడిచిన అద్దంలాగా తేటపడింది. కనకాంబరం రేకుల మీద ఈనెలు కూడా కనిపిస్తున్నాయి. ఇప్పుడు అక్కను వెతికి, కావలసిన కలగా మార్చుకోవాలి అని లేచాను. లేచి చూస్తే పెరట్లో పందిరి, పందిరికి మామిడి తోరణాలు, పీటల మీద పెళ్ళికూతురు. మా అక్కే. ఇప్పటి వయసులోనే ఉంది, తలంతా తెల్లగా, నుదుటికి బాసికం కట్టారు, అది కళ్ళద్దాల మీదికి జారుతుంటే మాటిమాటికీ పైకి తోసుకుంటోంది.

పెళ్ళి. రావద్దనుకున్నదే వచ్చింది. ఇది కల అని నాకు బాగా తెలుసు, అయినా ఆగలేకపోయాను. పరుగెత్తుకుపోయి పురోహితుడిని ఆపమన్నాను. ఆయన ముహూర్తం దాటిపోతుందని చేయి ఊపాడు. నేనే వంగి బాసికం ముడి విప్పబోయాను. ముడి పడ్డ చోట వేలు పెట్టానో లేదో, ఆ ఆత్రానికి మెలకువ వచ్చేసింది. ఎరుక కలలో ఆత్రం పనికిరాదు. ఆత్రపడితే బయటికి తోసేస్తుంది.

మీ హాస్టలు అమ్మాయికి రెండు వచ్చాయని అన్నారు కదా, అవి ఎట్లా వస్తాయో చెబుతాను విను. మెలకువ వచ్చినా కళ్ళు తెరవకూడదు. చేయి కాలు కదపకూడదు. రేపటి పప్పు నానబోశానా అని అస్సలు అనుకోకూడదు. దారం సూదిలోంచి జారినప్పుడు, కొన తడి ఆరకముందే మళ్ళీ ఎక్కిస్తే ఎక్కుతుంది చూడు, అంతే. ఫ్యాను చప్పుడు వింటూ, వదిలేసిన పందిరినే లోపల పట్టుకుని పడుకున్నాను. ఫ్యాను చప్పుడు మెల్లగా డోలు చప్పుడైంది.

ఈసారి ప్రొద్దుటూరులో ఉన్నాను, మన వీధిలో, మన ఇంటి ముందే షామియానా. మోకాళ్ళు వంచి చూసుకున్నాను, నొప్పి లేదు. ఈ దఫా ఆత్రపడలేదు. నెమ్మదిగా, నలుగురికీ వినపడేట్టు, ఇది పెళ్ళి కాదమ్మా, చావు, అన్నాను. ఎరుక కలలో మనం చెప్పింది జరుగుతుంది, కానీ సగమే జరుగుతుంది. డోలు వాయించేవాళ్ళు దెబ్బ మార్చారు, సన్నాయి మాత్రం పెళ్ళిపాటే పాడుతోంది. తోరణాలు అట్లాగే ఉన్నాయి. చుట్టాలందరూ వరసగా కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగుతున్నారు. ఏడవండి, ఎందుకు ఏడవడం లేదు, అని నేను ఒక్కొక్కరి దగ్గరికీ పోయి బతిమాలుతున్నాను. ఒకావిడ గ్లాసు ఊదుకుంటూ, "తాగి ఏడుస్తాంలేమ్మా, చల్లారిపోతాది," అంది.

సరే, ముఖ్యమైనది మా అక్క కదా అని పాడె దగ్గరికి వెళ్ళాను. పడుకునే ఉంది, కళ్ళు మూసుకునే ఉంది. హమ్మయ్య అనుకున్నాను. పైన కప్పే తెల్ల గుడ్డ తెచ్చి వేయబోతే లేచి కూర్చుంది. ఆ గుడ్డ నా చేతిలోంచి లాక్కుని, అంగట్లో చేసినట్టే వెలుతురు వైపు పట్టి, చెంపకు ఆనించుకుని చూసింది.

"ఇదేం తెలుపు మే. ఇది మీగడ తెలుపు. నాకు పాల తెలుపు కావల్ల."

పడుకో అక్కా, నువ్వు చచ్చిపోయినావు, అన్నాను. చచ్చిపోతే మాత్రం ఏ రంగైనా కప్పుకోవాలా అంది. నాకు నవ్వాగలేదు. కలలో నవ్వకూడదని తెలుసు, ఎరుక ఉంది, పెదవి కొరుక్కున్నాను, అయినా ఆగలేదు. నా నవ్వుకు నేనే మేలుకున్నాను. పక్కన మీ తాత కూడా లేచి కూర్చున్నాడు. ఏమైందన్నాడు. మా అక్క చచ్చిపోయిందండీ, అన్నాను, నవ్వుతూనే. ఆయన ముఖం చూడాలి మీరు. చెప్పులు వెతుక్కుంటున్నాడు పాపం. కలలో లెండి అని చెబితే, కాసేపు నన్నే చూసి, మంచం మీద వాలి, గోడవైపు తిరిగాడు.

చావు కల మంచిదే. కానీ నవ్వాను కదా. కలలో నవ్వు చెడ్డది. పైగా చచ్చిన మనిషి లేచి కూర్చుంది. దీన్ని మంచిలో వేయాలా చెడ్డలో వేయాలా నాకే తెలీలేదు. ఇంకొకటి కంటే తప్ప లెక్క తేలదనిపించింది. ఈసారి మాట్లాడాను, కదిలాను, దారం కొన ఆరిపోయింది. ఇక రాదులే అని ఆశ వదులుకుని పడుకున్నాను. ఆశ వదులుకున్నందుకే వచ్చిందేమో.

మూడోది పులివెందుల అంగట్లో. నేను నేల మీద, తానుల మధ్య కూర్చుని ఉన్నాను, కాళ్ళు ముడుచుకుని. ఎరుక ఎప్పుడు వచ్చిందో కూడా తెలీదు, మొదటినుంచీ ఉన్నట్టే ఉంది. పెళ్ళి లేదు, చావు లేదు, బేరానికి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం ఎండ గడప దాకా వచ్చి ఆగింది. కావాలంటే ఏమైనా రప్పించగలను. ఏనుగును రప్పించవచ్చు, పేడ తొక్కవచ్చు. కానీ ఎందుకో ఏదీ చేయబుద్ధి కాలేదు. ఊరికే ఆమె పక్కన కూర్చున్నాను. అక్క రెండు తానులు ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో తడుముతోంది. తడిమి తడిమి, తల ఎత్తకుండానే నన్నడిగింది.

"ఈ రెండిట్లో ఏది చిలకపచ్చ, ఏది మామిడాకు పచ్చ, చెప్పు మే."

చెప్పాను. కుడిచేతి కిందిది చిలకపచ్చ అన్నాను. ఆమె ఊ అని, దాన్ని పక్కన పెట్టి, ఇంకో రెండు ఒళ్ళో పెట్టుకుంది. అవీ చెప్పాను. అట్లా ఎంతసేపో తెలీదు. ఈ కలలోంచి నన్నెవరూ తోసేయలేదు. పేపరు వేసే అబ్బి సైకిలు బెల్లు వినపడే దాకా రంగులు చెబుతూనే ఉన్నాను.

పళ్ళు తోమలేదు. ఫోను తీశాను. ఒక్క రింగుకే ఎత్తింది, చేతిలో పట్టుకునే కూర్చున్నట్టుంది. అక్కడ ఆమె ఊ, ఇక్కడ నేను.

మొదటిది చెప్పాను. పెళ్ళి అనే మాట దగ్గర ఊ ఆగిపోయింది. చూశావా, అందుకే నేను రానన్నాను, అంది. నేను ఆపబోయాను అక్కా, బాసికం విప్పబోయాను అన్నాను. నువ్వాపితే ఆగుతుందా అంది. తాళి కట్టడం మాత్రం నేను చూడలేదన్నాను. మరి పెళ్ళికొడుకెవరు అంది. పీట మీద ఎవరూ లేరన్నాను. పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళేమిటని కొంచెం కుదుటపడి, ఊ, అంది.

రెండోది చెప్పాను. కాఫీ తాగి ఏడుస్తామన్న దగ్గర ఫక్కుమంది. ఆమె ఎవరో నాకు తెలుసు, ఫలానావాళ్ళ కోడలే అయి ఉంటుందని పేరుతో సహా చెప్పింది. మీగడ తెలుపు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం నవ్వి నవ్వి మాట్లాడలేకపోయాం. మీ తాత పాలు పొయ్యి మీద పెట్టి, ఈ ఇంట్లో చావంటే ఇంత సంబరమేందబ్బా అనుకుంటూ పోయాడు.

మూడోది చెప్పేముందు ఒక్క క్షణం ఆగాను. దాచకూడదు కదా. వచ్చింది వచ్చినట్టే చెప్పాను, తానులు తడమడం, రంగు అడగడం. అక్క ఊ కొట్టలేదు. లైను పోయిందేమో అనుకున్నాను. వాళ్ళ ఇంటి వెనక గేదె అరుపు వినిపించింది కాబట్టి పోలేదని తెలిసింది.

"నేనే అడిగినానా నిన్ను?"

"నువ్వే అడిగినావు."

"సిగ్గు లేకుండా?"

"సిగ్గు లేకుండానే. నేనూ చెప్తానే ఉన్యా."

గేదె ఇంకోసారి అరిచింది. అప్పుడు అక్క అంది.

"ఇది మంచి శకునమూ కాదు, చెడ్డ శకునమూ కాదు మే. ఎరుకుండి కన్నది శకునమెట్ల అయితాది. ఇది నువ్వు నాకు చెప్పల్యాక మింగిన మాట." ఆ తరువాత గొంతు ఇంకా తగ్గించింది. "ఆ యమ్మికి గూడా తెల్సునా?"

కోడలి గురించి అడుగుతోంది. తెలుసన్నాను. లోపలికి పోయి గుడ్డ మార్చే సంగతి కూడా చెప్పేశాను.

"ఒగ నాడన్నా అనలేదే ఆ పిల్ల."

"నీతో యాడ అంటాదక్కా. నేనే అనలేకపోతి."

ఆమె చిన్నగా నవ్వింది. తరువాత, ఏదో బేరం ముగించేటప్పటి గొంతుతో, "ఎప్పుడు రమ్మన్యాడు ఆ డాక్టరు?" అంది.

ఆ వారంలోనే వచ్చింది. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మారో లేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. కోడలు వెంట వచ్చింది. ముద్దనూరు రాగానే ఆ పిల్ల తెలివిగా కిటికీవైపు తను కూర్చుందట. ఆపరేషను రోజు ఆటోలో పోతూ, రాత్రి ఏమైనా కలొచ్చిందా అని అక్క నన్నడిగింది. ఏమీ రాలేదన్నాను, నిజంగానే రాలేదు. మంచిదేలే అని చెంగు సర్దుకుంది. అరగంటలో అయిపోయింది. లోపల డాక్టరు తెల్లకోటు వేసుకున్నాడా నీలం కోటు వేసుకున్నాడా అని కూడా చూడలేదంటే, ఎంత భయపడి ఉంటుందో మీరే అనుకోండి. నల్లద్దాలు పెట్టుకుని నాలుగురోజులు మన ఇంట్లోనే ఉంది. చుక్కల మందు వేళకు వేయించుకుంది, తల స్నానం చేయొద్దంటే గొణిగింది, నా బొరుగుల ఉగ్గానిలో పచ్చిమిరపకాయ తక్కువైందంది. కొన్నాళ్ళకు రెండో కన్ను కూడా అయింది. దానికి కల అడగలేదు.

శ్రావణమాసానికి అంగట్లో తన చోట తను కూర్చుంది. కొడుకు వేరే అమ్మాయి మాట ఎత్తలేదు. అయితే వారం తిరక్కుండానే కోడలు నాకు ఫోను చేసి తల పట్టుకుంది. కళ్ళు తేటపడ్డాక అత్త మొట్టమొదట చేసిన పని ఏమిటంటే, అంతకుముందు తను ఇచ్చిన రవిక గుడ్డలన్నీ గుర్తు చేసుకోవడం. తెలిసినవాళ్ళు అంగడి ముందునుంచి పోతుంటే కేకేసి పిలుస్తుందట. ఆ చీర, ఆ రవిక, రెండూ తీసుకురండి, అది తప్పిచ్చాను, మారుస్తాను, అంటుందట. కుట్టించుకున్నామమ్మా, బాగానే ఉందమ్మా, అని వాళ్ళు మొత్తుకున్నా వినదు. కొందరు ఆమె కంటపడకుండా అవతలి వీధిలోంచి పోతున్నారట. "చిన్నత్తా, నువ్వే ఏమన్నా చెప్పు," అంది ఆ పిల్ల. నేనేం చెబుతాను. చూపు తెప్పించింది మనమే కదా, అన్నాను.

నేనైతే తప్పించుకున్నాననుకున్నాను. మొన్న పులివెందుల బస్సు కండక్టరు చేతికిచ్చి ఒక చిన్న పొట్లం పంపింది. విప్పితే రవిక గుడ్డ. వెంటనే ఫోను. ఉగాదికి నా చీరకు తనిచ్చిన గుడ్డ తప్పట. ఆ చీర అంచు నేరేడుపండు రంగట, తనిచ్చింది వంగపండు రంగట.

"కుట్టిచ్చి, కట్టుకోని, ఉతికిగూడా అయిపోయినాది అక్కా. ఒగరూ ఏమనలేదు."

"ఎవురూ అనకపోతే సరిపోయినట్టా?"

"నాకు ఆ రవికే బాగుండాదిలే."

"అట్లయితే చీర మార్చు," అని ఫోను పెట్టేసింది.

కొత్త గుడ్డ టైలరు దగ్గర ఉంది. పాత రవికే నాకు బాగుంటుంది, వదులుగా ఉంటుంది. ఈసారి మీరు పెద్దవ్వకు ఫోను చేసినప్పుడు మాత్రం ఆ మాట అనకండి.